దుర్గాంబగారి వరసలూ, బ్లాక్‌ఫుట్ చుట్టరికమూ

దుర్గాంబగారు ఆటో ఎక్కేటప్పుడు అతను డ్రైవరు. గుణదలలో దిగేటప్పటికి మేనల్లుడు. మధ్యలో ఏం జరిగిందో మాకందరికీ తెలుసు. "ఏ ఊరు నాయనా మీది?" అంటారు. కంకిపాడు అంటాడు. "కంకిపాడులో ఎవరింట్లో?" అంటారు. అతను తాత పేరు చెప్పేలోపే ఆవిడకి ఆ తాత వియ్యంకుడు గుర్తొస్తాడు. ఆ వియ్యంకుడి తోడల్లుడు వీళ్ల పొలం కౌలుకి చేసిన సంగతి గుర్తొస్తుంది. సిగ్నల్ దగ్గర ఆటో ఆగిన కాసేపట్లో చుట్టరికం తేలిపోతుంది. ఇల్లు రాగానే ఆ అబ్బాయి సంచులు గుమ్మం దాకా మోసుకొచ్చి, "వస్తానత్తయ్యా" అని వెళ్లిపోతాడు. మళ్లీ జన్మలో కనిపించకపోవచ్చు. అయినా మేనల్లుడు మేనల్లుడే.

నేను వాళ్ల మేడమీద గదిలో అద్దెకి దిగిన రోజున నాకూ ఇది తప్పలేదు. మాది గుణదల కొండ కింద పుట్టి పెరిగిన క్రైస్తవ కుటుంబం. ఆవిడ ఎంత వెనక్కి వెళ్లి వెతికినా వాళ్లకీ మాకూ మధ్య ఒక్క పోగు కూడా దొరకదని నా ధీమా. ఆవిడ వెతకనే లేదు. నా కుట్టుమిషను పైకి ఎక్కించడం చూస్తూ తీర్పు చెప్పేశారు.

"స్టెల్లా, నువ్వు నాకు కోడలి వరస."

"కూతురి వరస కాకూడదాండీ?"

"కూతుళ్లు ఎదురు చెప్తారు. కోడలైతే కనీసం వింటున్నట్టు కూర్చుంటుంది."

అప్పట్నుంచీ వింటున్నట్టు కూర్చుంటున్నాను. నిజం చెప్పొద్దూ, వింటూనే కూర్చుంటున్నాను.

ఈ విద్య ఆవిడకి చిన్నప్పుడే అబ్బింది. కంకిపాడు దగ్గర వాళ్ల ఊళ్లో ఏ శుభకార్యమొచ్చినా వాళ్ల నాయనమ్మ ఈవిడ చేతిలో కుంకుమ భరిణె పెట్టి బొట్టు పెట్టి పిలవడానికి ఇల్లిల్లూ తిప్పేదట. ప్రతి గుమ్మం దగ్గరా సరైన వరస పెట్టి పిలవాలి. ఒకసారి వదిన వరసయ్యే ఆవిణ్ణి, జుట్టు నెరిసింది కదా అని, అత్తయ్యా అనేసిందట ఈ పిల్ల. ఆవిడ పెళ్లికి రాలేదు. కోడళ్లనీ రానివ్వలేదు. గారెలు మిగిలిపోయాయి. "వరస తప్పితే విస్తరి తప్పుతుంది" అని నాయనమ్మ ఆ మిగిలిన గారెలన్నీ ఈవిడ చేతే ఊరంతా పంచిపెట్టించిందట. ఆ తర్వాత దుర్గాంబగారు ఎవరి వరసా తప్పలేదు.

పెద్దయ్యాక హైస్కూల్లో సోషల్ టీచరయ్యారు. అక్కడా అంతే. రాజులూ వంశాలూ అన్నీ ఆవిడకి చుట్టాల లెక్కే. ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్లు ఆటోనగర్‌లో చాలామంది ఉన్నారు. చంద్రగుప్తుడికి అశోకుడు ఏమవుతాడని నిద్రలో లేపి అడిగినా మనవడంటారు. అశోకుడు ఏం చేశాడంటే మాత్రం కాస్త ఆలోచిస్తారు.

ఇలాంటావిడకి చుట్టరికం చిక్కు వస్తుందని ఎవరనుకుంటారు? వచ్చింది. అదీ సొంత ఇంట్లో, తన చేత్తో వేసుకున్న ముడి.

ఎదురింటి హైమవతి కొత్తకోడలిగా బందరు నుంచి వచ్చేనాటికే ఆ అమ్మాయికి తల్లి లేదు. మొదటి కాన్పు పుట్టింట్లో జరగాలి కదా. పుట్టిల్లంటూ లేని పిల్ల ఎక్కడికి పోతుంది? దుర్గాంబగారు రోడ్డు దాటి వెళ్లి, "ఈ పిల్ల నా పెద్దకూతురు. పురుడు నేను పోస్తాను" అని చెప్పి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చేశారు. పుట్టినవాడు విఠల్. అప్పట్నుంచి హైమవతి ఈవిణ్ణి అమ్మా అంటుంది. దుర్గాంబగారి సొంత కూతురు వసుంధర, పెళ్లయ్యాకా తల్లి దగ్గరే ఉంటోంది, హైమవతిని అక్కా అంటుంది. కొన్నాళ్లకి వసుంధరకి శాంభవి పుట్టింది. విఠల్‌కి వసుంధర పిన్ని, శాంభవికి హైమవతి పెద్దమ్మ. పెద్దమ్మ కొడుకు అన్నయ్య కాక ఏమవుతాడు?

శాంభవి మాత్రం మాటలొచ్చిన దగ్గర్నుంచీ విఠల్‌ని ఒక్కసారీ అన్నయ్యా అనలేదు. ఒరేయ్ అనేది. వరసల్లో ఒరేయ్‌కి చోటు లేదు కాబట్టి అమ్మమ్మ పట్టించుకోలేదు. అక్కడ చేశారు పొరపాటు.

పోయిన మాఘమాసంలో, ఒక మధ్యాహ్నం భోజనాల దగ్గర శాంభవి సంగతి బయటపెట్టింది. హైమవతి వంకాయ కూర గిన్నె తెచ్చి ఇంకా చేతిలో పట్టుకునే ఉంది. జాకెట్టు కొలతలకని వెళ్లిన నేనూ అక్కడే ఉన్నాను.

"అమ్మమ్మా, నేనూ విఠల్ పెళ్లి చేసుకుందామనుకుంటున్నాం."

దుర్గాంబగారు ముద్ద నోట్లో పెట్టుకుని, నమిలి, మింగి, అప్పుడన్నారు. "అన్నాచెల్లెళ్లకి పెళ్లేవిటే."

"రక్తసంబంధం లేదు కదమ్మమ్మా."

"పురుడు పోసిన సంబంధం ఉంది."

వసుంధర తల్లి మొహం చూసి మజ్జిగ గిన్నె అందుకుంది. హైమవతి గిన్నె బల్లమీద పెట్టి, "అమ్మ కాదంటే కాదు" అని చెంగుతో చేతులు తుడుచుకుంటూ వెళ్లిపోయింది. శాంభవిని కోడలిగా చేసుకోవాలని ఆవిడకి ఎన్నాళ్ల కోరికో నాకు తెలుసు. ఇద్దరు పిల్లలూ పెద్దావిడ మాట దాటి పెళ్లి చేసుకునే రకం కాదని కూడా తెలుసు. పైగా బందరు నుంచి విఠల్‌కి ఒక సంబంధం వచ్చి ఉంది. వచ్చే ఆదివారం మధ్యాహ్నానికి అవుననో కాదనో చెప్పాలి.

రెండ్రోజులు అమ్మమ్మా మనవరాలూ మాట్లాడుకోలేదు. మూడోనాడు సాయంత్రం శాంభవి లాప్‌టాప్ పట్టుకుని వరండాలోకి వచ్చింది. ఆ అమ్మాయికి ఏలూరు రోడ్డులో ఒక పుస్తకాల కంపెనీలో పేజీలు కట్టే పని. పిల్లల విజ్ఞాన సర్వస్వం ఒకటి వేస్తున్నారు. అందులో ప్రపంచ భాషల భాగం ఈమె కడుతోంది.

"అమ్మమ్మా, ఒక సంసారంలో చుట్టరికం చిక్కుపడింది. ఎవరు ఎవరికి ఏమవుతారో తేల్చాలి."

దుర్గాంబగారు చిక్కుడుకాయలు ఈనె తీస్తున్నారు. మాట్లాడకూడదనే ఉంది ఆవిడకి. కానీ చుట్టరికం అన్నాక చెవి ఊరుకోదు.

"ఎవరివాళ్లు?"

"అమెరికా, కెనడా. తెల్లవాళ్లు కాదు, వాళ్లు రాకముందు నుంచీ అక్కడున్నవాళ్లు. వాళ్ల భాషలు."

"భాషలకి చుట్టరికమేవిటే?"

"ఒక తల్లి భాష ఉండేదట. దాని పిల్లలు అట్లాంటిక్ ఒడ్డు నుంచి రాకీ కొండల దాకా వెళ్లి స్థిరపడ్డాయి. ఇంటిపేరు అల్గాంక్వియన్."

"తల్లి ఉందా?"

"లేదు. పోయి రెండు మూడు వేల ఏళ్లయిందంటారు."

"పాపం" అన్నారు దుర్గాంబగారు, చిక్కుడుకాయల పళ్లెం పక్కకి జరిపి. "చెప్పు. పెద్దది ఎవరు?"

చెట్టు ఒకటి గీయాలి. తల్లి పైన, పిల్లలు కింద. పాత క్యాలెండర్ కాయితం తిప్పి, శాంభవి పేర్లు చదువుతుంటే దుర్గాంబగారు గీశారు. క్రీ, ఒజిబ్వే, మెనామిని, షానీ... ఇలా బోలెడు. దీపాలు పెట్టే వేళకి చూస్తే చెట్టు లేదు. తల్లి పైన ఉంది, మిగతా అందరూ కింద ఒకే వరసలో చేతులు పట్టుకుని నిలబడ్డారు.

"అమ్మమ్మా, చెట్టు గీయమంటే బీరపాదుకి పందిరి వేశావు."

"ఏం? అందరూ అక్కచెల్లెళ్లేగా."

"అందరూ కాదు. క్రీ, ఒజిబ్వే దగ్గర దగ్గర. మిగతావాళ్లలో కొందరు వీళ్లకి పెద్దమ్మ కూతుళ్లూ పిన్ని కూతుళ్లూ."

"పెద్దమ్మ కూతురు అక్క కాక మరేమవుతుందే?"

"భాషల లెక్కలో సొంత చెల్లెలు వేరు, పెద్దమ్మ కూతురు వేరు."

"అదేం లెక్కే, పెద్దమ్మ కూతుర్ని పరాయిదాన్ని చేసే లెక్క" అని విసుక్కుని ఆవిడ కాయితం మడిచేశారు.

ఆ సంగతి అక్కడితో పోయేదే. అది పోకుండా ఆపింది నేను. ఏదైనా చెవిన పడితే మూలం దాకా వెళ్లి చూడందే నాకు తోచదు. రాత్రి వంటయ్యేలోగా ఫోనులో వెతుక్కుని చదివాను. మర్నాడు పొద్దున నీళ్లు పట్టుకునే చోట చెప్పాను. "ఏవండీ, ఆ ఒజిబ్వేవాళ్లకి మేనత్త వేరట, పినతల్లి వేరట. మేనబావకీ, మనసైనవాడికీ పాతకాలంలో ఒకటే మాటట."

దుర్గాంబగారు కుళాయి కట్టేశారు. "మేనరికాలున్నాయా వాళ్లలో?"

"ఉండేవంట."

"నాగరికులు" అన్నారు. ఆ పూటంతా ఆవిడ సంతోషం చూడాలి. సాయంత్రం శాంభవి రాగానే అందుకున్నారు. "వాళ్లు మనవాళ్లేనే. ఎప్పుడో బందరు రేవు నుంచి ఓడెక్కి వెళ్లుంటారు."

"అది నేను పుస్తకంలో పెట్టను అమ్మమ్మా."

"పెట్టకు. మనసులో పెట్టుకో."

మొత్తానికి మడిచిన కాయితం మళ్లీ తెరుచుకుంది. ఈసారి పెద్దమ్మ కూతుళ్లని వేరు కొమ్మల మీద కూర్చోబెట్టడానికి, మనసొప్పకపోయినా, ఆవిడ ఒప్పుకున్నారు. చివరికి మూడు పేర్లు మిగిలాయి.

"బ్లాక్‌ఫుట్, షయెన్, అరపాహో" అంది శాంభవి, మొహం చాలా అమాయకంగా పెట్టి. "మూడూ గడ్డి మైదానాల్లో ఉండేవి. మైదాన భాషలని ఒక గుంపుగా పిలుస్తారు. ఒక కొమ్మకి కట్టెయ్యనా?"

"కట్టెయ్. ఒక చోట ఉన్నారు, ఒక చలికి వణికారు, ఒక దున్నల మంద వెంట తిరిగారు. పైగా ఒక పేరుతో పిలుస్తున్నారు. ఇంకేం కావాలి?"

"కింద రాసింది చదువు."

దుర్గాంబగారు కళ్లజోడు సవరించుకుని, క్లాసులో పాఠం చదివినట్టు పైకి చదివారు. "ఈ గుంపు ఇరుగుపొరుగును బట్టి పెట్టినది మాత్రమే. పుట్టుకను బట్టి ఈ మూడూ ఒక కొమ్మవి కావు. ముఖ్యంగా బ్లాక్‌ఫుట్, అందరికన్నా ముందే తల్లి నుంచి విడివడిందని చాలామంది పండితుల అభిప్రాయం."

చదవడం అయిపోగానే ఆవిడ లాప్‌టాప్ పక్కకి నెట్టారు.

"ఎవరు చెప్పారు వీళ్లకి? పురిట్లో పక్కనున్నారా?"

"మాటలు పోల్చి చూస్తారమ్మమ్మా. నువ్వే చెప్పేదానివి కదా, బళ్లారిలో మీ పిన్నిగారింట్లో పాలని హాలనేవాళ్లని. పులి హులి, పల్లె హళ్లి. మనం ప అన్నచోట కన్నడంవాళ్లు హ అంటారు. ఒక మాటలో అయితే ఎక్కడో విని నేర్చుకున్నారనుకోవచ్చు. లెక్క తప్పకుండా మాట తర్వాత మాట అలా కలిస్తే ఒక ఇంటి పిల్లలన్నమాట. బ్లాక్‌ఫుట్‌కి పైకి చూస్తే మిగతావాళ్ల పోలికే ఉండదట. ఇలా ఓపిగ్గా పోల్చాకే ఈ కుటుంబమేనని తేలింది. కానీ షయెన్, అరపాహోలతో దానికి ప్రత్యేకంగా దగ్గరితనం లేదు. పక్కపక్కన ఉన్నారంతే."

"పక్కపక్కన ఉన్నాక పోలికలు రావూ?"

"వస్తాయి. మాటలు ఇచ్చిపుచ్చుకుంటారు. మనం బస్సంటాం, కాఫీ అంటాం. అందుకని ఇంగ్లీషువాడు మనకి బావమరిది అవడు కదా."

మామూలుగా అయితే ఇక్కడ దుర్గాంబగారు ఇంగ్లీషువాణ్ణి కూడా ఏదో ఒక వరసలో పెట్టేవారు. పెట్టలేదు. పెన్సిలు ముల్లు బొటనవేలితో రుద్దుతూ అడిగారు.

"అన్నీ బానే ఉన్నాయి. ఎవరు ఎవరికి పురుడు పోశారో మీ చెట్టులో ఎక్కడ రాస్తారు?"

నేను మెట్లమీద కూర్చుని కాజాలు కుడుతున్నాను. సూది ఆపేశాను. ఇప్పటిదాకా వాళ్లు మాట్లాడుకున్నది ఎవరి గురించో అప్పుడు ముగ్గురికీ ఒకేసారి తెలిసింది. శాంభవికి ముందే తెలుసేమో. ఆ పేజీ ఆ వారమే ఎందుకు కట్టాల్సి వచ్చిందని తర్వాత నేనడిగితే నవ్వి ఊరుకుంది.

"చెట్టులో రాయరమ్మమ్మా" అంది శాంభవి. గొంతులో ఆటపట్టింపు పోయింది. పెన్సిలు తీసుకుని మూడు పేర్ల నుంచీ మూడు గీతలు విడివిడిగా తల్లి దాకా గీసింది. తర్వాత ఆ మూడు పేర్ల చుట్టూ చుక్కలు పెట్టుకుంటూ వచ్చింది. "ఇలా చుక్కల గీత గీస్తారు. వీళ్లు ఒక చోట బతికారని."

"చెరిపేస్తారా తర్వాత?"

"చెరపరు. పుట్టుకలో అక్కచెల్లెళ్లు కాదని తేలాక కూడా మైదాన భాషలనే పిలుపు ఉంది. ఎవరి పక్కన ఎవరు బతికారో తెలియాలి కదా."

దుర్గాంబగారు లేచి, కాఫీ పెడతానని లోపలికెళ్లారు. కాఫీ రాలేదు.

శనివారం సాయంత్రం కుట్టిన జాకెట్టు ఇవ్వడానికి కిందికి దిగాను. ఆవిడ ఒక్కరే వరండాలో ఉన్నారు. జాకెట్టు మడత విప్పనైనా లేదు.

"స్టెల్లా, ఈ పెళ్లి జరిగితే హైమ నాకు ఏమవుతుంది?"

"మీరే చెప్పాలండీ."

"నా కూతురికి వియ్యపురాలవుతుంది. వసుంధర, అక్కా అనడం మాని, వదినగారూ అనాలి. హైమ నన్నేమంటుంది? పెళ్లికొడుకు తల్లి. మర్యాదకి మీరు అంటుందా? ఏవండీ పెద్దమ్మగారూ, భోజనానికి లేవండీ అంటుందా నన్ను?" గేటు వైపు చెయ్యి చూపించారు. "ఆ పిల్ల అమ్మా అని అరుచుకుంటూ గేటు తోసుకొస్తుంది చూడు రోజూ, కూర గిన్నె పట్టుకుని. అది పోతుందే."

అన్నాచెల్లెళ్లకి పెళ్లేవిటన్న తీర్పు వెనక ఇది ఉందన్నమాట. కోడలి వరస కదా, వింటూ కూర్చున్నాను.

ఆదివారం పొద్దున్నే దుర్గాంబగారు తలస్నానం చేసి, పట్టుచీర కట్టుకుని, కుంకుమ భరిణె చేత్తో పట్టుకుని గేటు తీశారు. మేం వరండాలో వరసగా నిలబడిపోయాం. అప్పుడే టిఫిను పార్సిలు తీసుకుని మోటారుసైకిల్ మీద వచ్చిన విఠల్, బండి దిగడం మర్చిపోయి రోడ్డు మధ్యలో ఆగిపోయాడు. ఆటోనగర్‌లో బస్సుల బాడీలు కట్టే చోట ఇంజనీరు పని అతనిది. ఎంత పెద్ద బస్సుకైనా భయపడడు.

ఎదురింటి ముందు హైమవతి వంగి ముగ్గు పెడుతోంది. ఎదురుగా పాదాలు చూసి తలెత్తింది. భరిణె చూసింది.

"ఏంటమ్మా, ఎవరి పెళ్లి?"

బొట్టు పెట్టి పిలవాలంటే వరస పెట్టి పిలవాలి. ఎన్నో గుమ్మాల్లో తడుముకోని మనిషి అక్కడ తడుముకున్నారు.

"హైమా, మా శాంభవిని మీ విఠల్‌కి అడగడానికొచ్చాను."

హైమవతి చేతిలో ముగ్గు జారిపోయింది. "నువ్వే కదమ్మా కాదన్నావు."

"పుట్టుక లెక్క వేరు, పిలుపు లెక్క వేరు. రెండూ కలిపి చూశాను."

"అంటే..." హైమవతి కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఇక నేను నీ కూతుర్ని కానా?"

దుర్గాంబగారు పట్టుచీరతో ఆ తడినేల మీద చతికిలబడ్డారు. పళ్లెంలోంచి ముగ్గు తీసి రెండు గీతలు గీశారు. "ఇది నీ గీత. మీ బందరు వైపు పోతుంది. ఇది వసుంధర గీత. మావైపు పోతుంది. ఎక్కడా కలవవు. అందుకని పిల్లల పెళ్లికి అడ్డం లేదు." తర్వాత రెంటి చుట్టూ చుక్కలు పెట్టడం మొదలుపెట్టారు, తీరిగ్గా. "ఇవి నేను పెట్టినవి. పుట్టుకతో వచ్చినవి కావు కాబట్టి దగ్గరుండి పెట్టాల్సొచ్చింది. వీటిని ఎవరూ చెరపరట. పెద్ద పెద్ద పండితులే చెరపలేదట. ఎక్కడో అమెరికాలో."

హైమవతికి అమెరికా సంగతి ఒక్క ముక్క అర్థం కాలేదు. చుక్కలు అర్థమయ్యాయి.

"అమ్మా అని పిలవచ్చా మరి?"

"పిలవకపోతే గేటు తియ్యను."

హైమవతి ముక్కు తుడుచుకుంది. "పెళ్లిలో పెళ్లికొడుకు తల్లిగా ఒక్కసారి అలగచ్చా?"

"అలుగు. నీకు పురుడు పోసిన చేత్తోనే రెండు తగిలిస్తాను."

బొట్టు పెట్టారు. లేవడానికి మాత్రం ఇద్దరు కావలసి వచ్చారు. హైమవతివాళ్లు బందరువాళ్లకి మధ్యాహ్నం దాకా ఆగకుండా అప్పుడే ఫోన్ చేసి మర్యాదగా కాదని చెప్పారు.

విఠల్‌కి పెద్దగా మార్పేం లేదు. దుర్గాంబగారు అప్పుడూ అమ్మమ్మే, ఇప్పుడూ అమ్మమ్మే. ఒక్క వసుంధర దగ్గరే వచ్చింది చిక్కు. పుట్టినప్పట్నుంచీ పిన్నీ అన్నవాడు అత్తయ్యా అనాలి. నోరు పి అని మొదలుపెడుతుంది, గుర్తొచ్చి ఆగుతుంది. ఈమధ్య రెండూ మానేసి ఏవండీ అంటున్నాడు. "మీ నాన్న ఇంట్లో ఉండగా నన్ను అలా పిలవద్దని చెప్పవే వాడికి" అంటుంది వసుంధర కూతురితో.

మొన్న శాంభవి ఆ పేజీ అచ్చు కాపీ తెచ్చి చూపించింది. చెట్టు బాగా వచ్చింది. బ్లాక్‌ఫుట్ ఒక్కటీ పొడుగాటి కొమ్మ మీద అందరికీ దూరంగా ఉంది. దుర్గాంబగారు కాయితాన్ని కళ్లకి దగ్గరగా పెట్టుకుని, దూరంగా పెట్టుకుని, చివరికి వెలుతురులోకి పట్టుకెళ్లి చూశారు.

"చుక్కలు కనపడట్లేదే."

"ఉన్నాయమ్మమ్మా. కొంచెం సన్నగా పడ్డాయి."

"లావుగా వెయ్యమను."

"పేజీ అయిపోయిందమ్మమ్మా. ఇప్పుడు మార్చమంటే మా ఎడిటర్‌గారు వినరు."

దుర్గాంబగారు కళ్లజోడు తీసి పమిటతో తుడుచుకున్నారు.

"ఏ ఊరే ఆయనది?"